బోడికొండ వాలుకు ముగ్గు పోయడం ఎలా

విశాఖలో కొండ కనపడని వీధి తక్కువ. ఆ కొండలకు ఏదో ఒక పక్క ఎర్రగా గీరుకుపోయి ఉండటమూ మామూలే. గ్రావెల్ కోసం తవ్వి వదిలేసిన వాలు, లేఅవుట్ రోడ్డుకని కోసేసిన అంచు, ఏటా వేసవిలో నిప్పంటుకుని గడ్డి కూడా సరిగ్గా మొలవని మెరక. ఇలాంటి పది ఇరవై సెంట్ల ముక్క మీ కాలనీ వెనకో కాలేజీ ప్రహరీ పక్కనో ఉందా? పదిమంది కలిసి ఒక వానాకాలం కష్టపడగలరా? అయితే ఆ నేల బాగుపడే పనినే కళాకృతిగా మలచవచ్చు. ఎలాగో వరసగా చెబుతాను.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. బండలకు రంగులు పూయడం, పాత టైర్లలో బంతిమొక్కలు పెట్టడం, సిమెంటు ఏనుగును నిలబెట్టడం ఇందులోకి రావు. అలంకారం మీద నాకు కోపం లేదు గానీ, వాన పడితే ఆ ఏనుగు చెంబెడు నీళ్ళు కూడా ఆపదు. ఇక్కడ గీసే ప్రతి గీతా, అల్లే ప్రతి దడీ నీటిని ఆపాలి, లేదా మట్టిని పట్టాలి, లేదా విత్తనానికి చోటివ్వాలి, అదీ కాకపోతే నేలకు ఏమవుతోందో చూసేవాళ్ళకు చూపించాలి. ఈ నాలుగింట్లో ఏదీ చేయని గీత ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి.

ఇదేమీ మనతో మొదలైంది కాదు. ఫిన్లాండ్‌లో గ్రావెల్ తవ్వి పాడుపెట్టిన చోట ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి మట్టితో గుట్ట పోయించి, గణితం ప్రకారం తీర్చిన సుడుల్లో 11,000 మంది చేత 11,000 చెట్లు నాటించారు. 1992లో మొదలై 1996కి పూర్తయింది. నాటిన ప్రతి మనిషికీ ఆ చెట్టు మీద వారసత్వ పత్రం ఇచ్చారు. 400 ఏళ్ళపాటు ఆ అడవిని కాపాడాలన్నది ఒప్పందం. మన గ్రావెల్ గోతులకు సరిగ్గా సరిపోయే కథే, ఖర్చు సంగతి పక్కన పెడితే.

మొదట: ఈ నేలను ముట్టుకోవచ్చా?

సర్వే నంబరు కనుక్కుని ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో చూడండి. పోరంబోకా, జిరాయితీయా, అటవీ భూమా, దేవస్థానం భూమా తేలాలి. సింహాచలం చుట్టుపక్కల పంచగ్రామాల భూముల గొడవ తెలిసినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. కంబాలకొండ అభయారణ్యంలో గానీ, రిజర్వు ఫారెస్టులో గానీ అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా లాంటానా అనే పిచ్చికంప కొమ్మ నరకడం కూడా కుదరదు. కాలనీ ఖాళీస్థలమైతే నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ పెట్టి, ముద్ర పడిన నకలు దగ్గర ఉంచుకోండి. "పర్లేదు, చేసుకోండి సార్" అన్న నోటిమాట ఆ అధికారి బదిలీ అయ్యేదాకే పనికొస్తుంది.

తర్వాత, అసలు అది దెబ్బతిన్న నేలేనా అని అడగండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి, "అయ్యో, ఎంత కోతపడిందో, ఇక్కడ మొక్కలు నాటితే బాగుండు" అనేవాళ్ళు నాకు తెలుసు. ఆ కోతలే దాని అందం, దాని చరిత్ర. వేల ఏళ్ళుగా గాలీ సముద్రమూ పేర్చిన ఇసుకను వాన చెక్కుతోంది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ చెట్లు నాటడమంటే శిల్పం మీద సున్నం కొట్టడమే. చూసి రండి, చాలు.

ఇళ్ళ పైనున్న వాలు మీద గుంతలు తవ్వకండి. మన కొండవాలు కాలనీల్లో ముసురు పట్టినప్పుడల్లా రాళ్ళు జారడం, ప్రహరీలు కూలడం చూస్తూనే ఉన్నాం. వదులు గ్రావెల్‌లో నీళ్ళు నిలిపితే ఆ బరువుకు వాలు మొత్తం జారుతుంది. ఎక్కుతుంటే చేత్తో నేల పట్టుకోవాల్సి వచ్చేంత నిటారు వాలైనా, పైన పెచ్చులూడుతున్న క్వారీ గోడ ఉన్నా అది ఇంజనీర్ల పని, మనది కాదు.

పారిశ్రామిక ప్రాంతంలో నేలైతే మట్టి పరీక్ష కాకుండా చెయ్యి పెట్టవద్దు. 1991లో అమెరికాలోని మిన్నెసోటాలో మెల్ చిన్ అనే కళాకారుడు విషలోహాలున్న చెత్తదిబ్బ మీద కాడ్మియం, జింకు పీల్చుకునే మొక్కలు వేసి దాన్నే తన కళాకృతి అన్నాడు. ఆ పనిలో ఆయన పక్కన రూఫస్ చేనీ అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఉన్నాడు. పీల్చుకున్న మొక్కను మళ్ళీ కోసి జాగ్రత్తగా తొలగించాలి, లేకపోతే మేక నోటిగుండా విషం మన ఇంటికే వస్తుంది. శాస్త్రవేత్త తోడు లేనివాళ్ళు ఆ జోలికి పోకండి.

వాన పడుతుండగా వెళ్ళండి

ఎండలో నిలబడి గీసిన ప్లాన్ మొదటి వానకే తప్పని తేలుతుంది. మే నెలలో ఈదురుగాలులతో పడే జల్లు చాలు, గొడుగేసుకుని వెళ్ళి చూడండి. నీళ్ళు ఎక్కడ చేరుతున్నాయి, ఎక్కడ పరుగందుకుంటున్నాయి, ఎక్కడ రంగు మారుతున్నాయి? పైన తేటగా ఉన్న నీరు ఏ చోట ఎర్రబడుతుందో ఆ చోటే గాయం. దాన్ని ఫోన్లో ఫోటో తీయండి, గుర్తుకు ఒక రాయి పెట్టండి.

మన కొండలు చాలావరకు ఖోండలైటు రాయి. వాన తడికీ ఎండకూ మాగి ఎర్రమట్టిగా మారుతుంది. పైమట్టి ఎత్తుకుపోయాక బయటపడేది పసుపూ ఎరుపూ కలిసిన మెత్తటి గ్రావెల్. దాని మీద వాన చినుకులు పడీపడీ పైన పెంకులా బిగుస్తుంది. నీరు ఇంకదు, విత్తనం ఆగదు. నమ్మకం కుదరకపోతే జానెడు గుంత తీసి చెంబెడు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పక్కనే చెట్టు నీడన ఇంకో గుంత తీసి అదే చేయండి. ఆ తేడా చూశాక ఎక్కడ పార వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో వెతుకులాట కూడా ఉంది, ఎక్కువమంది మరిచిపోయేది. మోళ్ళు వెతకండి. నరికేసిన చోట, కాలిపోయిన చోట నేలలో వేళ్ళు బతికే ఉంటాయి. అంకుడు, రేల, తుమికి, మోదుగ మోడు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. మేకలు కొరికీకొరికీ చీపురుకట్టలా మిగిలిన పొదను కలుపు అనుకుని పీకేస్తారు. దాని వయసు మీ కాలనీకంటే ఎక్కువ ఉండొచ్చు. అలాంటి ప్రతి మోడుకూ ఎర్రగుడ్డ పీలిక కట్టండి. నర్సరీ మొక్క వేళ్ళూనడానికి పడే పాట్లన్నీ ఆ మోడు ఎప్పుడో పడింది. పీలికలు యాభై దాటితే మీకు నాట్లే అక్కర్లేదు, కాపలా చాలు. వాలు మీద ఎర్ర పీలికలు ఎగురుతుంటే కింద రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి ఇదేంటని అడుగుతారు. మీ మొదటి ప్రదర్శన అదే.

ముగ్గు

ఇక్కడే అసలు పని. కావలసినవి: ఆరడుగుల కర్రలు రెండు, మూడడుగులది ఒకటి, పురికొస, గుప్పెడంత రాయి, ముగ్గుపిండి.

పెద్ద కర్రలు రెంటినీ పైన కలిపి కట్టండి. మూడో కర్రను వాటి నడుమకు అడ్డంగా బిగించండి. పైముడి నుంచి పురికొసకు రాయి వేలాడదీయండి, అది అడ్డకర్రను దాటి కిందికి రావాలి. ఇప్పుడు దీన్ని నేల మీద నిలబెట్టి, కాళ్ళు రెండూ ఆనిన చోట్ల గుర్తు పెట్టండి. కొస అడ్డకర్రను తాకిన చోట పెన్సిలు గీత గీయండి. కాళ్ళు అటూఇటూ మార్చి అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత గీయండి. రెండు గీతలకూ సరిగ్గా మధ్యన మూడో గీత గీస్తే అది మీ మట్టం. కొస ఆ గీత మీద నిలిచినప్పుడు రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. గాలి ఎక్కువుంటే కొస ఆడుతుంది. సముద్రపు గాలి లేవకముందే, పొద్దున్నే ఈ పని ముగించుకోండి.

వాలు పైభాగంలో ఒక చివర మొదలుపెట్టండి. ఒక కాలు కదలకుండా రెండో కాలును పైకీ కిందికీ జరుపుతూ, కొస మట్టానికి రాగానే ఆ కాలి దగ్గర చిటికెడు ముగ్గు వేయండి. ఆ కాలినే ఇరుసుగా తిప్పి ముందుకు పదండి. ఇలా వాలు అడ్డంగా దాటేసరికి ముగ్గుచుక్కల వరస పడుతుంది. చుక్కలు కలపండి. గీత తిన్నగా రాదు. కొండ ఎక్కడ లోపలికి నొక్కుకుందో అక్కడ లోపలికి, ఎక్కడ ఉబ్బిందో అక్కడ బయటికి వంపు తిరుగుతుంది. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళకు ఆ వంపును సరిచేయాలని చేతులు దురదపెడతాయి. చేయనివ్వకండి, అక్కడ నీరు నిలిచే గీత అదే.

కిందికి పదడుగులకొకటి చొప్పున గీతలు గీసుకుంటూ రండి. వాలు నిటారుగా ఉంటే దగ్గరగా, చదునుగా ఉంటే దూరంగా. పూర్తయ్యాక ఎదురు మేడ ఎక్కి చూడండి. కొండ ఆకారం తెల్లటి గీతల్లో కనిపిస్తుంది. మేం గీసిన వాలు కింద రోజూ నడిచే ఒక పెద్దాయన మేడ మీద చాలాసేపు నిలబడి, "ఇన్నాళ్ళూ ఇది చదునే అనుకున్నానర్రా" అన్నాడు.

ఇప్పుడు ఆ గీతల మీద గుంతలు. పొడవాటి కందకం కంటే అర్ధచంద్రాకారపు గుంతలే చిన్న బృందానికి మేలు. ఒకటి తెగినా మిగతావి నిలబడతాయి. చంద్రవంక కొసలు రెండూ ముగ్గుగీత మీద ఉండాలి, పొట్ట కిందివైపుకు, నోరు కొండవైపుకు. కొస నుంచి కొసకు ఆరేడడుగులు, లోతు అడుగు. తవ్విన మట్టిని కిందివైపు అంచునే గట్టుగా పోసి కాలితో తొక్కండి. రెండు గుంతల మధ్య మనిషి నడిచేంత ఖాళీ వదలండి. కింది వరసలో గుంతలను పై వరస ఖాళీల కింద పెట్టాలి. ముగ్గులు వేసే ఆడవాళ్ళకు "సందు చుక్క" అంటే చాలు, కొలత టేపు లేకుండానే పెట్టేస్తారు. పై వరసలో తప్పించుకున్న నీరు కింది వరసకు దొరకాలన్నదే దీని లెక్క.

గట్టు ఒక కొసను మిగతా దానికంటే నాలుగు వేళ్ళు తగ్గించి, అక్కడ రాళ్ళు పరవండి. నిండితే నీళ్ళు అటే పొర్లిపోవాలి. ఇది మానేస్తే మామూలు వానలకు ఏమీ కాదు, అక్టోబరు వాయుగుండానికి గట్లన్నీ తెగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్ళోని పచ్చదనాన్ని ఏంచేసిందో చూసినవాళ్ళం, వాన లెక్కలు సగటును చూసి వేసుకోకూడదు.

దడి

వాలు మీద అప్పటికే కోతపడి చిన్న గెడ్డలా, అంటే వాగులా అయిన చోట గుంతలు పనిచేయవు. అక్కడ దడి అల్లాలి. సామాను ఎదురుగానే ఉంటుంది: లాంటానా. మన కొండలను కమ్మేసి కింద ఏ మొక్కనూ ఎదగనివ్వని ఆ కంపను తీసేయడమే సగం వైద్యం. కొమ్మలు నరికి వదిలేస్తే నెలలో రెట్టింపవుతుంది. మట్టిలోకి నాలుగు వేళ్ళ లోతుకు వెళ్ళి వేరు మొదలు దగ్గర గునపంతో తెంపి, తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి. నల్ల పండ్లున్న కొమ్మలు దడికి వాడవద్దు, పిట్టలు తిని మీరు శుభ్రం చేసిన చోటే విత్తుతాయి.

లాంటానాతో అందమైన పని అవుతుందా అన్న సందేహం ఉంటే, నీలగిరుల దగ్గర గూడలూరులో ఆదివాసీ కళాకారులు చేసిన నిలువెత్తు ఏనుగుల ఫోటోలు వెతికి చూడండి. అడవిలోంచి తీసేసిన లాంటానా చువ్వలనే ఉడకబెట్టి, వంచి, అల్లారు. 2021లో లండన్ పార్కుల్లో ఆ మంద నిలబడింది. మీరు ఏనుగులు చేయక్కర్లేదు. కోతకు అడ్డంగా, జానెడు దూరంలో గూటాలు దిగ్గొట్టి, లాంటానా చువ్వల్ని లోపలికీ బయటికీ అల్లుకుంటూ మోకాలెత్తు దడి కట్టండి. చువ్వ పచ్చిగా ఉండగానే వంగుతుంది, కాబట్టి నరికిన రోజో మర్నాడో అల్లేయాలి. మధ్య భాగం తగ్గుగా, రెండు పక్కలా ఎత్తుగా ఉండాలి, లేకపోతే నీరు పక్కల నుంచి కోసుకుపోతుంది. అల్లికలో మీ ఇష్టం: చేప ముల్లు, జడ, పడవ. బుట్టలు అల్లేవాళ్ళెవరైనా దగ్గర్లో ఉంటే కూలి ఇచ్చి పిలవండి, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు వారం తిప్పలు పడేది వాళ్ళు పూట లోపల చేస్తారు.

ఈ దడి రెండు మూడేళ్ళలో చివికిపోతుంది. పోనివ్వండి. అప్పటికి దాని వెనక మట్టి పేరుకుని గడ్డి పడుతుంది. ఇనుప తీగ, నైలాన్ తాడు, ప్లాస్టిక్ వల మాత్రం కట్టవద్దు. దడి పోయినా అవి పోవు.

ఏం నాటాలి, ఎప్పుడు

పర్యావరణ దినమని జూన్ 5న నాటవద్దు. ఫోటోలకు మంచి రోజే, కానీ అప్పటికి రోహిణి కార్తె కూడా దాటదు. రోళ్ళు పగిలే ఎండల్లో పసిమొక్క బతకదు. గట్ల మీద విత్తనాలు మృగశిరలో తొలకరి తడి చూసి చల్లండి. మొక్కలకు ఆరుద్ర దాటి, నేల జానెడు లోతు తడిసేదాకా ఆగండి.

ముందు చెట్లు కాదు. గట్టు మీద వెంపలి, తంగేడు గింజలు చల్లండి. వెంపలి చిక్కుడు జాతిది, సారం లేని నేలకు నత్రజని పెడుతుంది, మేకలు పెద్దగా ముట్టవు. రెండో వరసలో బందారు, కలివి. ఆ నీడ కాస్త వచ్చాక, అంటే రెండో ఏడు, గట్టు లోపలి అంచున కానుగ, నేరేడు, రేల, ఉసిరి. గుంత అడుగున నాటితే ముసురుకు వేరు కుళ్ళుతుంది. వాలు పాదంలో తాటి టెంకలు పూడ్చండి. తేగలు తవ్వి తిన్నవాళ్ళకు తెలుసు, ఆ మొలక ముందు ఎంత లోతుకు దిగుతుందో. అందుకే నర్సరీలో పెంచి తెచ్చి నాటే చెట్టు కాదది, టెంక పూడ్చిన చోటే దాని చోటు.

రేల గింజ తొక్కు రాయిలా ఉంటుంది. ఒక పక్క గరుకు నేల మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి విత్తండి. విత్తన బంతులు విసిరే సరదా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పెంకు కట్టిన గ్రావెల్ మీద పడ్డ బంతి దొర్లి రోడ్డు మీదికి వస్తుంది. గుంత గట్టు మీద చేత్తో పెట్టిన బంతి వేరే సంగతి.

అంకుడు మాత్రం తప్పకుండా పెట్టండి. ఏటికొప్పాక లక్క బొమ్మలన్నీ ఆ తెల్లటి మెత్తని కర్ర మీదే తిరుగుతాయి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. సహజ రంగులతో వాటిని నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. గుర్తింపులు వచ్చాయి, కర్ర రావాలంటే కొండ మీద చెట్టుండాలి. అంకుడు కొమ్మ కోసినా మోడు మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి, పదేళ్ళ తర్వాత మీ వాలు నుంచి ఒక బొమ్మల కుటుంబానికి కొంత కర్ర ఇవ్వగలిగితే, నా దృష్టిలో ఈ పని మొత్తంలో అంతకంటే మంచి కళాకృతి లేదు.

కోనోకార్పస్, సుబాబుల్ వద్దు. హుద్‌హుద్ తర్వాత నీడ త్వరగా రావాలని ఊరంతా ఏడాకుల పాల నాటారు. చలికాలం మొదట్లో పూత విరగబూసినప్పుడు ఆ ఘాటుకు కిటికీలు మూసుకునే వీధులున్నాయి. ఒకే రకాన్ని గుంపుగా నాటితే ఏ చెట్టుతోనైనా ఇలాంటి బాధే వస్తుంది.

సముద్రపు ఒడ్డున చేద్దామనుకునేవాళ్ళకు క్లుప్తంగా: ఆర్కే బీచ్ కోతను దడులు ఆపలేవు. మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, హార్బరు కట్టడాలు దానికి అడ్డుపడ్డాయి, అందుకే ఇసుకను తవ్వి తెచ్చి పోస్తుంటారు. కొంచెం ప్రశాంతమైన తీరంలో, అనుమతితో, తాటాకు దడి కట్టి దాని వెనక బాలబందితీగ, రావణాసురుడి మీసాలు వేస్తే ఇసుక నిలుస్తుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ దడీ ఉండకూడదు.

రాయి పెట్టండి

జర్మనీలోని కాసెల్‌లో 1982లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు '7,000 ఓక్స్' పేరుతో 7,000 చెట్లు నాటే పని మొదలుపెట్టి, ప్రతి చెట్టు పక్కనా నల్లరాతి స్తంభం పాతించాడు. ఆయన 1986లో పోయాక, మరుసటేడు కొడుకు చేత చివరి చెట్టు నాటించారు. మొదట రాయి పక్కన మొక్క చిన్నదిగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ చెట్టు పక్కన రాయి చిన్నదవుతుంది.

మనకు ఆ పద్ధతి వేరే కారణానికి పనికొస్తుంది. మీరు నాటిన ప్రతి మొక్క పక్కనా, పీలిక కట్టిన ప్రతి మోడు పక్కనా అక్కడ దొరికే ఎర్రరాయినే మోకాలెత్తున పాతండి. మొక్క చస్తే రాయి మిగులుతుంది. మొక్కలు నాటే కార్యక్రమాల్లో ఎన్ని నాటారో బ్యానరు మీద రాస్తారు, ఎన్ని చచ్చాయో ఎవరూ రాయరు. రాళ్ళుంటే దాచడం కుదరదు, రోడ్డు మీద పోయే ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. ఒంటరి రాళ్ళన్నీ ఒకే పక్క ఉంటే అక్కడ నీరు చాలడం లేదనో, మేకల దారి అటే ఉందనో అర్థం.

ప్రతి దడి వెనకా అంగుళాల గీతలు పెట్టిన పుల్ల ఒకటి గుచ్చండి. ఎన్ని అంగుళాల మట్టి ఆగిందో వానాకాలం చివర తెలుస్తుంది. అంత మట్టి మీ వీధి కాలువలోకి పోకుండా ఆగిందన్నమాట. వార్డు ఆఫీసులో చూపించడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

మేకల సంగతి. కంచె వేసి కాపరితో గొడవపడితే రాత్రికి రాత్రే కంచె పోతుంది. మొదటి రోజే అతన్ని పిలిచి, ఏ దారి వదలాలో అతన్నే ముగ్గు వేయమనండి. నెలకు కొంత ఇచ్చి కాపలా అతనికే అప్పజెప్పడం మేలు. రోజంతా ఆ కొండ మీదే ఉండేది అతనొక్కడే. వేసవి నిప్పు కూడా ముందు చూసేది అతనే. ఫిబ్రవరిలో వాలు చుట్టూ ఆరడుగుల వెడల్పున ఎండుగడ్డి చెక్కించి అగ్గిబాట తీయించండి.

మొదటి రెండు వేసవులు నీళ్ళు మోయక తప్పదు. చెట్టుకో పాత మట్టికుండ మెడదాకా పాతి, వారానికోసారి నింపి మూత పెడితే నీరు ఊరుతూ వేరుకే అందుతుంది.

ఇక ఏటేటా తనిఖీ. దానికి కార్తీక మాసం బాగుంటుంది. వానలు వెనకబడతాయి, లాంటానా మొలకలు తడినేలలో చేత్తోనే వేరుతో సహా ఊడొస్తాయి, వనభోజనాలకు జనం ఎలాగూ వస్తారు. తలా ఒక వరస అప్పజెప్పండి: బతికినవెన్ని, ఒంటరి రాళ్ళెన్ని, పుల్ల మీద ఎన్ని అంగుళాలు, తెగిన గట్లెన్ని. లెక్క పుస్తకంలోకి ఎక్కాకే విస్తళ్ళు వేయండి. పులిహోర తిన్నాక ఎవరూ కొండ ఎక్కరు.